జడ్సన్‌గారి రేకు

"లేబులు ఎవురైనా అతికిస్తారన్నా. నాకు గుర్తు కావాల."

హరినాథ్ వయొలిన్‌ను బల్ల మీద పెట్టాడు. నెల్లూరు నుంచి వచ్చాడు. పాత వయొలిన్లు కొంటాడు. జడ్సన్‌గారు చేసినవంటే పడిచస్తాడు. ఆ పిచ్చిలోనే రెండుసార్లు మోసపోయాడు కూడా.

 హెబ్రోను కోవూరులోని ఈ షెడ్డులో జడ్సన్‌గారి దగ్గర ఇరవై రెండేళ్లు పనిచేశాడు. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఆయన భార్య ఎస్తేరమ్మకు గుండె ఆపరేషన్. చెన్నైలో సోమవారానికి తారీఖు ఇచ్చారు. ఈ వయొలిన్ జడ్సన్‌గారి చేతిదేనని తేలితే, అమ్మిన డబ్బుతో ఆపరేషన్ జరుగుతుంది. తేలకపోతే లేదు.

"అటక మీద ఉన్నట్టు నాకే తెలీదు నాయనా," అంది ఎస్తేరమ్మ, గుమ్మం దగ్గర స్టూలు మీద ఆయాసపడుతూ. "మొన్న హెబ్రోను దించిందాకా. ఆయన చేసిన ఆఖరుది."

హరినాథ్ సంచిలోంచి ఒక వైరు తీశాడు. దాని చివర చిన్న లైటు, కెమెరా. వయొలిన్ చిల్లులోంచి లోపలికి దూర్చి, రెండో చివర ఫోనుకు తగిలించాడు.

తెర మీద వయొలిన్ లోపలి చెక్క కనిపించింది. నున్నగా ఉంది. ఏటవాలు వెలుగులో మాత్రం దాని మీద జంట గీతలు తేలాయి. ఒకటి దారమంత. పక్కనే ఇంకొకటి, వెంట్రుకంత.

 ఆ గీతల్ని హెబ్రోను ఇంతవరకూ చూడలేదు.

"ఇవేందన్నా?"

"చెక్కలో ఈనె అయ్యుంటాది సార్."

"ఈనె ఇట్టా జంటగా రాదే. గీకే రేకుకు నొక్కుంటే, అక్కడ చెక్క తెగక గీతలాగా మిగిలిపోతాది. ఆయన రేకు ఏదీ?"

"యాడ పెట్టినానో..."

"నీ పెట్టెలోనే గదా అబ్బయా," అంది ఎస్తేరమ్మ. "ఆయన గుర్తుగా దాచుకున్నావే."

హెబ్రోను పెట్టె తెరిచాడు. అరచేతిలో ఇమిడే ఉక్కు రేకు. పాత రంపం బ్లేడు కోసి చేసింది. అంచున పళ్లూడినట్టు జంట నొక్కు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

ఎస్తేరమ్మ దాన్ని అందుకుని నిమిరింది. "కంటిపాపలాగా చూసుకునేవాడు. ఈ నొక్కు ఎప్పుడు పడిందో ఏమో."

"చాన్నాళ్లయిందిలేమ్మా," అన్నాడు హెబ్రోను గబుక్కున.

"సాన పెట్టి ఈ చెక్క ముక్క మీద గీకన్నా," అన్నాడు హరినాథ్. "గీతకి గీత సరిపోవాల."

హెబ్రోను రేకును బిగించి ఆకురాయి అందుకున్నాడు. ఒక రాపిడి. రెండు. పది. ఉక్కు పొడి రాలుతోంది. చేయి ఆగడం లేదు.

హరినాథ్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"సాన పెట్టమన్నా గానీ, నొక్కే లేకుండా చెయ్యమన్లా. చెయ్యి అదుపు తప్పిందేంది?"

"గురువుగారి రేకు గదా సార్."

ఇక తప్పలేదు. ఉక్కు కడ్డీతో అంచును గట్టిగా రుద్దాడు. కంటికి ఆననంత సన్నని కొక్కెంలా అంచు వంగింది. రెండు బొటనవేళ్లతో రేకును విల్లులా వంచి ముక్క మీద తోశాడు. ఉల్లిపొరలా చెక్క లేచింది. దాని కింద జంట గీతలు. ఒకటి దారమంత, ఒకటి వెంట్రుకంత.

హరినాథ్ ఫోనును ముక్క పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. 

చివరికి లేచి ఆమెకు చేతులు జోడించాడు.

"అనుమానపడినానని ఏమనుకోబాకమ్మా. ఇది ఆయనదే. ఈ గీతలు ఇంకే రేకుకూ రావు. నేను తీసుకుంటా. సోమవారం కారు కూడా నేనే పంపిస్తా."

ఎస్తేరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"చూసినావా హెబ్రోనూ? పోయి కూడా ఆయనే నన్ను కాపాడినాడు."

 హెబ్రోను రేకును గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు.

మూడేళ్ల కిందట జడ్సన్‌గారి శవపేటికలో పెట్టబోతుండగా, తన చేతిలోంచి ఆ రేకు జారి సమాధి గుంట పక్కనున్న సిమెంటు దిమ్మెకు తగిలినప్పుడు పడిందే ఆ నొక్కు.