ఎగువ వైపు తొలిచిన చెట్లు

“వానలకి చెక్క ఉబ్బింది,” అంటూ మా ఆయన గది తలుపుని భుజంతో నెట్టి, ఎలాగో మూశారు.

నేను పైన్ చెట్ల మానుల్లోంచి తొలిచి తీసిన సన్నటి చెక్క పుల్లల్లో వలయాలు భూతద్దం కింద చూస్తున్నాను. చెట్టుకి ఏడాదికో వలయం. వానలు పడితే వెడల్పు, కరువైతే సన్నం. ఈ కొండ మీది ముసలి చెట్లన్నిటికీ చివరి కొన్నేళ్ళ వలయాలు వెంట్రుకల్లా ఉన్నాయి.

“ఇక్కడ కరువొచ్చిందండీ.”

“కరువూ లేదు, నీ మొహమూ లేదు. ఇక్కడికొచ్చాక మన గొడుగు ఏ ఏడాది ఆరింది?”

నా చెయ్యి ఆగిపోయింది. నిలబడి తొలవడానికి వీలని చెట్లన్నిటికీ ఎగువ వైపు నుంచే పుల్లలు తీశాం. ఒక్కదానికి మాత్రం దిగువ వైపు కూడా తీశాం. ఆ పుల్ల వెతికి చూశాను. అవే ఏళ్ళ వలయాలు అక్కడ బలిసి ఉన్నాయి.

ఒరుగుతున్న పైన్ చెట్టు పడిపోకుండా దిగువ వైపు బలుస్తుంది. ఒక్క చెట్టయితే గాలికి ఒరిగిందనుకోవచ్చు. అన్నీ ఒరుగుతున్నాయంటే కొండే జారుతోంది.

మా గదీ ఆ వాలు మీదే ఉంది.

“ఏమండీ, తలుపు ఉబ్బలేదు. గుమ్మమే ఒరిగింది. ముందు బయటికి పదండి.”

ఆయన నా మొహం చూసి, వెళ్ళి తలుపు లాగారు. తర్వాత రెండు చేతులతో లాగారు.

తలుపు రాలేదు.