అచ్చమ్మ వెనక అడుగులు

“అక్కడే ఆగక్కా! కంచె దాటావంటే బాగుండదు,” అని అరిచాడు కోత మేస్త్రి సాంబయ్య.

మజ్జిగ బిందె నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచొచ్చిన అచ్చమ్మ గతుక్కుమంది. ముసునూరు మామిడితోటలో కోత కూలీలకు వండి వడ్డించేది ఆవిడే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అచ్చమ్మ చేతి మజ్జిగ తాగినవాడు మళ్ళీ గ్లాసు చాపకుండా ఉండలేడు. అలాంటిది, ఇవాళ ఆ కూలీలే కాయలు కోసే చిక్కం కర్రలు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డారు.

“నేనేం పాపం చేశానయ్యా?”

“నువ్వు చేయలేదక్కా, నీ వెంట తిరిగేది చేస్తోంది. పోయిన నీ సవతి నాగరత్నం! జి. కొండూరులో వండావు, మీ ఆయన పోయాడు. నిరుడు ఆగిరిపల్లిలో వండావు, నీ కొడుకు కోటేశు పోయాడు. నిన్న ఇక్కడ మన కూలి కుర్రాడు రాజేష్. అందరికీ అదే జ్వరం. ఇంకా ఎంతమందిని మింగితే దాని కసి తీరుతుందంట?”

వాళ్ళదేముంది, అనేసి ఊరుకుంటారు. ఆ అడుగులు వినేది తను. ఎండుటాకుల మీద తన అడుగు పడ్డ వెంటనే వెనక ఇంకో అడుగు పడుతుంది. తిరిగి చూసే ధైర్యం ఏనాడూ చాల్లేదు. దెయ్యం వదిలేదాకా పసిదాన్ని ముట్టుకోవద్దని కూతురు భవాని పురిటినాడే చెప్పేసింది. అదుగో, మనవరాలు మామిడికొమ్మకి కట్టిన చీర ఉయ్యాల్లో కేరింతలు కొడుతోంది. భవాని ఉయ్యాలకి అడ్డంగా నిలబడి నేలచూపులు చూస్తోంది. ఆ బిడ్డని ఒక్కసారి ఎత్తుకుంటే చాలు, ఇంకేం వద్దనిపించింది అచ్చమ్మకి.

బిందె కంచె పక్కన దించింది. “ఢిల్లీ డాక్టరమ్మ పోయిన వారం అందరికీ పరీక్షలు చేసిందిగా. ఇవాళ వచ్చి చెబుతానంది. దెయ్యం లేదని ఆవిడంటే ఒప్పుకుంటారా?”

“మన దెయ్యాల సంగతి ఢిల్లీ వాళ్ళకేం తెలుసక్కా!”

అంతలోనే జీపు వచ్చి ఆగింది. దేశంలో ఏ మూల అంటురోగం పుట్టినా దాని ఆనుపానులు కనిపెట్టే పెద్ద సంస్థలో పనిచేసే డాక్టర్ షాలోమి దిగింది. అచ్చమ్మ పరుగున ఎదురెళ్ళింది.

“అందరి ముందూ చెప్పండమ్మా. దెయ్యం ఉందా, లేదా?”

“దెయ్యమేంటండీ! ఇది టైఫాయిడ్. మీ ఊరి ఆశా కార్యకర్త ఆస్పత్రికి చెప్పింది, వాళ్ళు జిల్లాకి చెప్పారు, జిల్లా వాళ్ళు రాష్ట్రానికి చెప్పారు. రాష్ట్రం రమ్మంటే మేమొచ్చాం. ఎక్కడెక్కడి జ్వరాల కబుర్లూ చివరికి మా దగ్గరికే చేరతాయి. జి. కొండూరు, ఆగిరిపల్లి, ముసునూరు, మూడూ పక్కపక్కన పెట్టి చూశాం. అన్నిచోట్లా ఒకటే క్రిమి.”

“ఒక్క జ్వరానికి ఇంతమందా! మా దెయ్యానికి ఒక్క మంత్రగాడు చాలు కదండీ,” అని ఎవరో అంటే నవ్వులు లేచాయి.

సాంబయ్య మాత్రం తల గోక్కున్నాడు. “అయితే మా అక్క వెంట ఏదీ తిరగట్లేదంటారా?”

“ఏదీ లేదండీ.”

అచ్చమ్మ గుండెల మీంచి బండ దిగిపోయింది. తెగించి వెనక్కి తిరిగి చూసింది. ఎండ, ఎండుటాకులు, అంతే. “విన్నావుటే భవానీ! లేదంట, లేదంటే!” అని ఏడుస్తూ నవ్వింది. భవాని కూడా కళ్ళు తుడుచుకుని, బిడ్డనెత్తుకుని ముందుకొచ్చింది.

అచ్చమ్మ చేతులు చాచింది. డాక్టరు మధ్యలోకి వచ్చింది.

“ఒక్క నిమిషం అచ్చమ్మగారూ. ముందు మీరు నాతో పక్కకి రండి.”

చెట్టు చాటుకి తీసుకెళ్ళి గొంతు తగ్గించింది. “కంగారుపడకండి. ఆ క్రిమి మీ కడుపులో ఉంది. మిమ్మల్ని అదేమీ చేయదు. కానీ మీ చేతుల మీదుగా మజ్జిగలోకి పోతుంది, తాగినవాళ్ళకి జ్వరం తెస్తుంది. మందులు వాడితే పోతుంది, అందాకా వంట మానేయండి. ఇందులో మీ తప్పేం లేదు. మీకు తెలియదు కదా!”

“మరి... నా కోటేశు?”

డాక్టరు చూపు తిప్పుకుంది. “నిరుడు ఆస్పత్రిలో తీసిన అతని రక్తంలోనూ ఇదే దొరికిందండీ.”

అచ్చమ్మ తన చేతుల్ని చూసుకుంది. పెళ్ళీడొచ్చినా కోటేశు చద్దన్నంలో అమ్మ మజ్జిగ కలిపి ముద్దలు పెడితేనే తినేవాడు. ఆ చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది.

“అమ్మా, ఏమంటున్నారే డాక్టరుగారు?” భవాని బిడ్డతో ఇటే వస్తోంది.

అచ్చమ్మ డాక్టరు కాళ్ళ మీద పడిపోయింది.

“తల్లీ, నీకు పుణ్యముంటుంది... దాని తమ్ముణ్ణి చంపింది ఆ దెయ్యమేనని చెప్పమ్మా!”