సగం గోలి

"జల్ది రా! అత్తమ్మ ఏడుస్తున్నది!"

భార్య వైశాలి ఫోన్‌లో అన్నది ఈ ఒక్క మాటే. ఇబ్రహీంపట్నం బస్ డిపోలో టైరు విప్పుతున్న సంజీవ చేతిలోని పానా అక్కడే పడేసి, గ్రీజు కూడా తుడుచుకోకుండా బండి తీశాడు. ఎవరి అమ్మ ఏడ్చినా కొడుకు కంగారు పడతాడు. సంజీవ భయానికి మాత్రం వేరే కారణముంది. పన్నెండేళ్ల కిందట తల్లి మాణిక్యమ్మకు మనసు జబ్బు ఏడుపుతోనే మొదలైంది. మూడు రోజులు తిండి ముట్టకుండా ఏడ్చి, నాలుగో రోజు చెరువు దారి పట్టింది. గొర్లు మేపేవాళ్లు చూడబట్టి బతికింది. అప్పటినుంచి రోజుకొక గోలి. ఆ గోలితోనే మనిషి నిలబడింది.

ఆమధ్య రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. "అరవై ఎనిమిదేళ్లు వచ్చినయ్. ఇంత మందు ఇక ఆమె ఒంటికి ఎక్కువ. మెల్లమెల్లగా తగ్గిద్దాం," అన్నాడు సాగర్ రోడ్డు దవాఖాన డాక్టరు. మందు తగ్గేటప్పుడు తలలో కరెంటు కొట్టినట్టయితే చెప్పమన్నాడు, ఏడుపొస్తే చెప్పమన్నాడు, తనను అడగకుండా మాత్రం ఏదీ మార్చొద్దన్నాడు. నెలల తరబడి తగ్గిస్తూ తగ్గిస్తూ సగానికి వచ్చారు. కొత్త బ్లేడుతో గోలిని సగం చేసేది సంజీవే. ఆ పని చేసిన ప్రతిసారీ రెండు ముక్కలూ సమానంగా ఉన్నాయా అని వెలుగులో పెట్టి చూసేవాడు. ఇక ఇంట్లో అందరిదీ ఒకటే పని, మాణిక్యమ్మ ముఖం చూడటం. ఆమె తుమ్మినా భయమే, నవ్వినా అనుమానమే.

ఇంటి ముందు వైశాలి చెప్పులు లేకుండా నిలబడి ఉంది.

"ఎప్పటిసంది?" అన్నాడు సంజీవ బండి దిగుతూనే.

"తొమ్మిదింటికెళ్లి. చింతపండు గింజలు తీస్తున్నది. ఉన్నట్టుండి సురువు జేసింది. ఏడ్వకు అత్తమ్మా, ఏడ్వకు అంటుంటే ఇంకింత ఎక్కువైతున్నది. నాకు భయమైతున్నది."

లోపల మాణిక్యమ్మ పీట మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఒళ్లంతా కదిలిపోతోంది. పక్కింటి సంతోషమ్మ అప్పటికే వచ్చి గడప దగ్గర నిలబడింది.

"గప్పుడు గూడ గిట్లనే అయింది సంజీవా," అంది. ధైర్యం చెప్పడానికి వచ్చిన మనిషి మరి!

"డాక్టర్‌కు ఫోన్ చేసినవా?" అని సంజీవ భార్యను అడిగాడు.

"రెండుసార్లు చేసిన. పేషెంట్లున్నరంట, ఆయననే చేస్తడంట. తగ్గించుడు ఎందుకని నేను మొదలే అన్న. నువ్వే ఇనలే."

సంజీవ అల్మారాలోంచి గోలీల పట్టీ తీశాడు. ఈసారి బ్లేడు జోలికి పోలేదు. నిండు గోలి, గ్లాసు నిండా నీళ్లు. అడగకుండా మార్చొద్దన్న మాట గుర్తుంది. భయం పట్టుకున్నాక గుర్తుండి ఏం లాభం?

"అమ్మా, గిది మింగు. నిమ్మలమైతది."

మాణిక్యమ్మ అతని అరచేతిలోకి చూసింది. సగం ముక్క కాదు, నిండు గోలి. ఆమె ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. పామును చూసినట్టు వెనక్కి జరిగింది.

"వద్దు. నాకొద్దు."

"నా మాట ఇనే అమ్మా!"

"వద్దంటున్న గద!"

చెయ్యి విసిరికొట్టింది. గ్లాసు పడి నీళ్లు చింతపండులోకి పోయాయి. వాళ్లు తేరుకునేలోపే ఆమె లేచి లోపలి అర్రలోకి పోయి గొళ్లెం పెట్టుకుంది.

సంజీవ తలుపు దగ్గరికి ఉరికాడు. ఆ అర్రలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

"అమ్మా! తలుపు తియ్యి! నీ కాల్మొక్త, తలుపు తియ్యే!"

లోపలినుంచి ఏడుపు తప్ప మాట లేదు. పొద్దున్నుంచి ఆ ఏడుపు ఆగితే చాలనుకున్నవాళ్లు ఇప్పుడు ఆగకూడదని దేవుళ్లకు మొక్కుకున్నారు. అది వినిపిస్తున్నంతసేపు మనిషి ఉన్నట్టే.

ఫోన్ మోగింది. డాక్టరు.

"సార్, మా అమ్మ ఏడుస్తున్నది. గోలి మింగమంటే లోపలికి పోయి గడియ వెట్టుకున్నది. తలుపు పలగ్గొట్టాల్నా సార్?"

"అక్కడే ఉండు, కదలకు. రాత్రి తిన్నదా? నిద్రపోయిందా?"

"తిన్నది సార్. మంచిగనే పండింది. పొద్దుగాల జొన్నరొట్టె గూడ తిన్నది."

"చచ్చిపోతానని ఏమన్నా అన్నదా?"

"అనలే సార్."

"ఎందుకు ఏడుస్తున్నా అంటున్నది?"

సంజీవ వైశాలి వైపు చూశాడు. వైశాలి సంతోషమ్మ వైపు చూసింది. ముగ్గురూ ఆ ఏడుపుకు భయపడ్డవాళ్లే.

"అడగలే సార్," అన్నాడు సంజీవ సిగ్గుపడుతూ.

"అడుగు. నేను లైన్‌లోనే ఉంటా."

సంజీవ తలుపుకు నుదురు ఆనించాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మా, గోలి పక్కకు వెట్టిన. ఎవ్వలం నిన్ను మింగుమనం. ఎందుకు ఏడుస్తున్నవో గదొక్కటి చెప్పు."

లోపల ఏడుపు ఆగిపోయింది. వైశాలి భయంతో భర్త చెయ్యి పట్టుకుంది. సంజీవ తలుపును తోయడానికి భుజం ఎత్తాడు. అంతలో గొళ్లెం చప్పుడైంది. సందులోంచి మాణిక్యమ్మ వాచిన కళ్లు కనిపించాయి.

"మీ బాపు సచ్చిపోయి మూడేండ్లాయె కొడకా, గప్పుడు నాకు ఒక్క సుక్క రాలే. గిప్పుడొస్తున్నది. గా నిండు గోలి మింగిచ్చి మళ్ల ఆపకు, జర ఏడ్వనియ్యి."