ఒక్క పన్నూ పోకుండా

రత్నబాబు ఓ పట్టాన నోరు తెరవడు. పక్షవాతం వచ్చాక మాట పడిపోయింది, కుడిపక్క చచ్చుబడింది గానీ దవడ బాగానే ఆడుతుంది. అయినా రత్నమణి బ్రష్ పట్టుకుని చెయ్యెత్తేసరికి కళ్ళు గట్టిగా మూసుకుని ఎడమచెయ్యి అడ్డం పెడతాడు.

"ఏం చెయ్యన్లేవయ్యా. నోరు తెరువు," అంటుంది భార్య. తెరుస్తాడు.

ఈ పని కోసం ఆమె జగ్గయ్యపేట నుంచి నందిగామ బస్సెక్కి వెళ్ళి మరీ నేర్చుకొచ్చింది. అక్కడి పళ్ళ డాక్టరమ్మ యామిని ప్లాస్టిక్ పళ్ళ బొమ్మ మీద చూపించింది. మెత్తటి బ్రష్‌ను చిగురుకి ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. బరబరా తోమితే చిగుళ్ళు అరుగుతాయి గానీ గార పోదు. బ్రష్ దూరని సందుల్లోకి దారం పోనిచ్చి, పన్ను చుట్టూ వంచి, పైకీ కిందకీ లాగాలి.

"గార పేరుకుంటే అందులో క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయమ్మా. అసలే మింగడం సరిగ్గా రాని మనిషి. ఇంకోసారి నిమ్ము చేస్తే తట్టుకోలేడు," అంది డాక్టరమ్మ. లేచేముందు, "మీ పళ్ళు కూడా ఓసారి చూస్తాను," అంది.

"నావి పుచ్చే రకం కాదులెండి," అంది రత్నమణి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని.

అంటే మొగుడి ప్రాణం ఆమె చేతిలో బ్రష్ మీద ఉంది. మానేస్తే అడిగేవాళ్ళు లేరు. మానలేదు. జాలితో చేస్తోందా అంటే కాదు. ప్రేమ సంగతి అడక్కండి. గిన్నెలు తోమేటప్పుడు ఎంత అనిపిస్తుందో ఇప్పుడూ అంతే అనిపిస్తుంది. పోయిన పన్ను మళ్ళీ రాదని మాత్రం తెలుసు.

ఓ ఉదయం ఆడపడుచు గ్రేసీ చూడ్డానికొచ్చింది. వదిన దారంతో వెనక దంతాల దాకా వెళ్ళడం చూసి కళ్ళొత్తుకుంది.

"బైబిల్లో యోబుక్కూడా ఇంత ఓపిక లేదొదినా. మా అన్న ధన్యుడు. ఒక్క పన్నన్నా కదల్లేదు చూడు."

"కదలనివ్వను," అంది రత్నమణి.

గ్రేసీ వెళ్ళాక మొగుడి మూతి తుడిచింది. దిండు సర్దింది. చచ్చుబడిన కుడిచేతిని మెల్లగా ఎత్తి పక్క మీద పెట్టింది. తర్వాత అద్దం ముందుకెళ్ళి, తన నోట్లోంచి నాలుగు కట్టుడు పళ్ళు తీసి కడుక్కుంది.

అసలు పళ్ళు నాలుగింటినీ ఒక్క గుద్దుతో రాలగొట్టింది ఆ కుడిచెయ్యే.