ఫోన్ చుట్టూ ముగ్గురం

కోడలు సంచిలో బట్టలు సర్దుతుంటే, నేను మావాడి స్వెట్టరు తెచ్చి ఇచ్చాను.

"లాకప్పులో నేల చల్లగా ఉంటుందే. ఇది కూడా పెట్టు."

"ఈ సంచి ఆయనకి కాదత్తయ్యా, నాకు."

మాది తాళంచెవులు చేసే కొట్టు. మేం చేసిచ్చిన మారు తాళంచెవితోనే ఎవరింట్లోనో దొంగతనం జరిగిందని నిన్న మావాణ్ణి స్టేషన్లో ప్రశ్నించి, ఫోన్ చేస్తామని పంపేశారు. అప్పట్నుంచీ ముగ్గురం ఆ ఫోన్ చుట్టూనే తిరుగుతున్నాం.

"నిన్నెవరు పిలిచారే?"

"రేపు పిలుస్తారుగా! ఆ తాళంచెవి చేసింది నేనని చెప్పొచ్చారు మీ సుపుత్రుడు."

"గద్దించి అడిగేసరికి నోటికొచ్చింది అనేశానమ్మా," అన్నాడు వాడు తలెత్తకుండా.

"ఆ తాళంచెవి చేసిన రోజు దీనికి ఒళ్లు కాలిపోతుంటే తడిగుడ్డ వేస్తూ కూర్చుంది నేను కదరా! ఇది కొట్టుకెప్పుడొచ్చింది? పదవే, స్టేషన్‌కొచ్చి నేనే చెబుతాను."

"మీరు చెబుతారత్తయ్యా. చెప్పాల్సింది ఆయన."

ఫోన్ మోగింది. వాడు ఊపిరి బిగబట్టి విన్నాడు. మరుక్షణం ఎగిరి గంతేశాడు.

"దొంగ దొరికాడట! అసలు మన తాళంచెవే కాదట! ఇక ఆ సంచి విప్పెయ్యవే!"

కోడలు సంచి జిప్పు లాగి మూసి, చెప్పులు వేసుకుంది.

ఆ బుధవారం మధ్యాహ్నం వెళ్లిన కోడలు మళ్లీ రాలేదు.