పీపా పగిలిన రోజు

1772 ఆగస్టు 4. ఎండగా ఉంది, గాలి లేదు. పొద్దున్నే కుర్రాళ్లు ఫిరంగితో గురిచూసి కొట్టే పీపాకు సున్నం కొట్టి, మైదానం చివర గుంజ మీద నిలబెట్టాను.

వేసవి మొదట్లో పెళ్లి మాటెత్తితే వంటశాల పెరీన్ నవ్వింది. "మన ఫిరంగి బడి కుర్రాళ్లు నీ పీపా పగలగొట్టిన రోజున చేసుకుంటాలే, ముసలోడా!" అప్పటినుంచి ఒక్క గుండూ తగల్లేదు.

ఇవాళ బడి కుర్రాడు ఫ్లోరిమొన్ పేల్చిన గుండుకు పీపా ముక్కలుచెక్కలైంది. ఆనవాయితీగా వాణ్ణి భుజాలకెత్తుకుని, ఫిడేళ్లతో ఊరేగించారు. అందరికన్నా ముందు నేనే గెంతాను.

వంటశాల దగ్గర వాడు అరిచాడు. "పెరీనక్కా! పీపా కొట్టినోడికి కూజాడు ద్రాక్షసారా అని వేసవంతా మా అందరి చెవుల్లో ఊదావుగా, తే మరి!"

పెరీన్ నావైపు చూడకుండా కూజా తెచ్చింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సాయంత్రం కొత్త పీపా తెచ్చి, సున్నం కలిపి... పెరీన్ పిలుస్తోంది.