సంగీతం టీచర్లకు ప్రేరణ

శ్రీకాకుళంలో సంగీతం టీచర్లకు శిక్షణ. వేదిక మీద జిల్లా అధికారులు. మైకు ముందు భీమశంకరరావు. ప్రేరణ కలిగించడంలో ఆయనకు ఆయనే సాటి అని వెనక ఫ్లెక్సీ మీద ఉంది. ఎవరు వేయించుకున్నారో అడక్కండి.

"శ్రుతిపెట్టె లేదా? ఫోనులో పెట్టుకోండి. ముందు పాట పాడించండి, స్వరాలు తరవాత. గొంతులేని పిల్లలు ఉండరమ్మా, గొంతు నొక్కే పెద్దలుంటారు!"

చప్పట్లు.

వెనక వరసలో ఝాన్సీ మాత్రం చేతులు కదపలేదు. వాళ్ల బళ్లో సంగీతం గదికి తాళం పడి ఏడాదయింది. పాటలు చెవిన పడితే టెన్త్ రిజల్టు పడిపోతుందని హెడ్మాస్టరు వేసిన తాళం. లోపల హార్మోనియాన్ని ఎలుకలు వాయించుకుంటున్నాయి. జిల్లా పోటీలకు వెళ్లాల్సిన పిల్లలేమో సైకిల్ స్టాండులో, లారీల హారన్ల మధ్య గొంతులు చించుకుంటున్నారు. ఇలాగే వెళ్తే పోటీలో నవ్వులపాలే.

భీమశంకరరావుకు ఊపొచ్చింది. బల్ల గుద్దాడు.

"పాటకు గది ఇవ్వనివాడు హెడ్మాస్టరా? జైలరు! తాళం వేస్తే పగలగొట్టండి. ఎవడడుగుతాడో నేను చూస్తా!"

ఈసారి అధికారులు కూడా చప్పట్లు కొట్టారు.

ఝాన్సీ లేచింది. "సార్, నిజింగా పగలగొట్టీమంటారేటి?"

ఆయన ఆమెను చూశాడు. గ్లాసు అందుకుని నీళ్లన్నీ తాగాడు. హాలంతా ఆయన నోటికేసే చూస్తోంది, అధికారులతో సహా.

"ఆ... అవునమ్మా."

మళ్లీ చప్పట్లు.

పక్కనున్న పొందూరు టీచరు గౌరి మోచేత్తో పొడిచింది. "ఏటే, మీ హెడ్మాస్టరు అంత రాక్షసుడేటి?"

"అబ్బే. మాటలు బాగా సెప్తాడు."

"నిన్ను ఉతికి ఆరేస్తాడే, సూసుకో."

"ఆరేయనీ. పిల్లలు రోడ్డు మీద పాడతన్నారు."

సోమవారం ప్రార్థన అవగానే ఝాన్సీ ఒక రాయి తీసుకుంది. నాలుగు బాదేసరికి తాళం ఊడి పడింది. పిల్లలు బిలబిలమంటూ లోపలికి దూరారు. దుమ్ములోనే కూర్చుని పాటెత్తుకున్నారు.

"ఏ ఎదవ సెప్పేడు నీకు తాళం పగలగొట్టమని!" అని అరుస్తూ ఆఫీసు గదిలోంచి ఊగిపోతూ వచ్చాడు హెడ్మాస్టరు భీమశంకరరావు.